దొడ్డిగుమ్మం పాట

మోకాళ్ల నొప్పులకి చూపిద్దామని మా కోడలు నన్ను మధిర రోడ్డులో కొత్తగా తెరిచిన ఫిజియోథెరపీ సెంటరుకి తీసుకెళ్లింది. చల్లటి గదిలో కూర్చోబెట్టి, మన వంతు వచ్చేదాకా చదువుకోమని ఒక రంగుల కాగితం చేతికిచ్చారు. పైన పెద్ద అక్షరాలతో 'వేసవి ప్రత్యేకం: సంగీత చికిత్స' అని ఉంది. కింద రోగుల చేత ఏమేం చేయిస్తారో రాశారు. సముద్రపు ఒడ్డున కూర్చున్నట్టు కళ్లు మూసుకుని అలల చప్పుడు వినాలట. సీసాలో బియ్యం పోసి, వాన పడుతున్నట్టు ఆడించాలట. ఐస్‌క్రీము మీద పాట పాడుతూ పక్కవాడి అరచేతిని చరచాలట.

తిరువూరులో పుట్టి తిరువూరులోనే ముసలివాడయినవాడికి సముద్రం ఎవడు చూపించాడు? రోహిణి కార్తెలో ఈ ఊరు చేసే చప్పుళ్లు ఈ కాగితం రాసినవాళ్ల చెవిన ఎప్పుడైనా పడ్డాయా? బియ్యం సీసాలో పోసి ఆడిస్తారట, తినేవాళ్లు కరువైనట్టు.

"ఇది ఎక్కడిదమ్మా?" అని అక్కడున్న పిల్లని అడిగాను.

"నెట్‌లోదండి తాతగారూ. లేటెస్టు. పెరాలిసిస్ వచ్చి మాట పోయినవాళ్లకి కూడా పాటతో మాట తెప్పించొచ్చంటండి. ఫారిన్‌లో కనిపెట్టారంట."

ఫారిన్‌లో! కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీ కింద పడేశాను. మా కోడలు "బాగుండదు మామయ్యగారూ" అంటూ వంగి దాన్ని తీసి టేబుల్ మీద పెట్టింది. బాగుండనిది ఏమిటో ఆ అమ్మాయికి తెలియదు. ఎమర్జెన్సీ పెట్టడానికి ముందు వేసవిలో, ఆ సెంటరుకి ఫర్లాంగు కూడా లేని ఒక ఇంటి దొడ్లో, పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి చేత పాటతో పలికించిన ఆడమనిషిని నేను కళ్లారా చూశాను. ఆమెది వేలిముద్ర. ఆమెకి ఈ ఊరు చేసిన మర్యాద తలుచుకుంటే ఇవాళ్టికీ నా నోట్లో చేదు ఊరుతుంది.

ఆమె పేరు రాయను. బతికినన్నాళ్లూ ఆ పేరు పెట్టి తిన్నగా పిలిచినవాళ్లు లేరు. పెద్ద ఇళ్లవాళ్లు 'ఏమే' అన్నారు, చర్చిలో అయ్యగారు 'సహోదరీ' అన్నారు, మా పేటవాళ్లం 'అక్క' అన్నాం. ఇప్పుడు కాగితం మీద రాసి నేను ఉద్ధరించేది ఏముంది?

మాది చర్చి వెనక పేట. ఆమె ఇల్లు మా ఇంటికి మూడోది. నేను అప్పటికి హైస్కూల్లో అటెండరుని. గంట కొట్టడం, రికార్డులు మోయడం నా పని. అందుకని నన్ను 'గంటలాయనా' అని పిలిచేది, పదిమందీ వినేటట్టు, వెక్కిరింతగా. నేను గంట కొట్టే తీరు ఆమెకి నచ్చేది కాదు.

"గంట కొడతన్నావా, పాముని కొడతన్నావా? దెబ్బకీ దెబ్బకీ మధ్యన దాన్ని కాస్త ఊపిరి తీసుకోనియ్యి" అనేది.

పొట్టి మనిషి. నల్లగా, గట్టిగా, చింతబరికెలా ఉండేది. ఎడమ దవడన ఎప్పుడూ పొగాకు కాడ. పాట ఎత్తుకోబోయే ముందు దాన్ని నాలుకతో కుడి దవడకి నెట్టేది. అది చూసి కూలికొచ్చిన ఆడవాళ్లు కొంగులు బిగించుకునేవాళ్లు. ఏ పని మొదలుపెట్టినా మడమతో నేలని రెండుసార్లు తాటించేది. కలుపుకైనా అంతే, మిరపకాయల తొడిమలు తీయడానికైనా అంతే, చింతపండు గింజ కొట్టడానికైనా అంతే. "పనికో నడక ఉంటది. అది దొరికిందాకా చెయ్యి పెట్టకూడదు" అనేది. ఎ.కొండూరు బస్సులో కూర్చుంటే రేకుల మోతకి సరిపడా సీటు మీద దరువేసేది. కండక్టరు విసుక్కుంటే, "నీ బస్సు తాళం తప్పుతంది నాయనా, సరిచేస్తన్నా" అనేది. నోరు మంచిది కాదు. పని దగ్గర సోమరిగా కూర్చున్న ఆడపిల్లని ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ వ్యాసం ఎవరూ వేసుకోరు.

చర్చిలో ఆమెతో ప్రతి ఆదివారం గొడవే. హార్మోనియం వాయించే పెద్దాయన కీర్తనని సాగదీసి సాగదీసి పాడించేవాడు. ఈమె వెనక వరసలో కూర్చుని అందరికన్నా ఒక చరణం ముందు ఉండేది. అయ్యగారు పిలిచి మందలించారు.

"మీరట్టా జోలపాడితే దేవుడు నిద్రపోడా అయ్యగారూ? మా మనవులు ఇనేదెవరు?" అంది.

అయ్యగారికి నవ్వు రాలేదు. నెల రోజులు ప్రభువు బల్లకి రావద్దన్నారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాళ్లు తీసుకుంటుంటే ఆమె బయట మెట్ల మీద కూర్చుని చెప్పులు లెక్కపెట్టింది. పాడినందుకు శిక్ష పడటం ఆమెకి అదే మొదలు. దేవుడి ఇంట్లోనే మొదలైంది.

ఆమె మరిది ఒకడు, ముప్పయ్యేళ్లవాడు, నత్తి. వేసవి వస్తే ముంజలు అమ్మేవాడు. వీధి మొదట్లో నిలబడి "ము... ము..." అంటుండగానే కొనేవాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. ఆమె వాణ్ని పట్టుకుని, "నువ్వు మాట్లాడబాకరా, కేకెయ్యి" అంది. 'ముంజలమ్మ ముంజలూ, మూడు కళ్ల ముంజలూ' అని రాగం కట్టి ఇచ్చింది. ఆ రాగంలో వాడికి నత్తి లేదు. బేరం కూడా రాగంలోనే ఆడేవాడు. ఊరు నవ్వింది గాని, మధ్యాహ్నానికల్లా గెలలు ఖాళీ.

అదెలా కుదిరిందని అడిగాను. 

"మాట వీధిగుమ్మాన వస్తది గంటలాయనా. పాట దొడ్డిగుమ్మాన వస్తది. వీధి తలుపు బిగుసుకుపోతే ఎవరన్నా అక్కడే నిలబడి బాదుకుంటారా? దొడ్డి వైపుకి పోవాల" అంది.

నేను కాలేజీకి పోలేదు. స్కూలు లైబ్రరీ బీరువా తాళాలు నా దగ్గర ఉండేవి గనక చదువుకున్నాను. ఆ బీరువాలో ఉన్న ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా చెప్పినవాడు నాకు కనపడలేదు.

ఆ తాళాలు నా చేతికిచ్చింది మా లెక్కల మాస్టారు. "చదివితే అరిగిపోవులేవయ్యా పుస్తకాలు, చదువుకో" అన్న ఒకే ఒక్క మనిషి. నలభై దాటలేదు ఆయనకి. రెడ్డిగూడెం వైపు మామిడి తోటలున్న కుటుంబం. తోటలన్నీ అన్నగారి చేతిలో ఉండేవి, ఈయనకి ఉద్యోగం, తిరువూరులో ఈ ఇల్లు. ఆ ఏడు శివరాత్రి వెళ్లాక క్లాసులో ఎక్కం చెప్పిస్తూ చెప్పిస్తూ పడిపోయాడు. బెజవాడలో ప్రాణం నిలబెట్టారు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. అన్నీ అర్థమవుతాయి, నోరు తెరిస్తే "తా... తా..." తప్ప రాదు.

బడి జూన్‌లో తెరుస్తారు. అప్పటికి పాఠం చెప్పగలిగితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికి పంపేస్తారు. ఈ ముక్క హెడ్మాస్టరు వచ్చి ఆయన ఎదుటే, ఆయన భార్యకి చెప్పాడు, కుర్చీలో మనిషి కాదు మూట ఉన్నట్టు. మాస్టారి కళ్ల వెంట నీళ్లు కారాయి. హెడ్మాస్టరు కాఫీ తాగి వెళ్లాడు.

నేను సెలవుల్లో రోజూ పొద్దున్నే వెళ్లి, వెనక వరండా మెట్ల కింద నిలబడి ఆయనకి పేపరు చదివి వినిపించేవాణ్ని. ఆవకాయల కాలం వచ్చింది. కారం, ఆవపిండి దంచడానికి అక్కని పిలిచారు.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. ఇప్పటివాళ్లకి తెలియదు, తెలిసినవాళ్లు తెలియనట్టు నటిస్తారు. ఎండుదానికి అంటు లేదు. ఎండుమిరప, ఆవాలు మా చేతుల మీదుగా దంచవచ్చు, జల్లించవచ్చు. నూనె తగిలినా నీళ్లు తగిలినా ఇక మేం ముట్టకూడదు. కాబట్టి అక్క దొడ్డిగుమ్మాన వచ్చి, వేపచెట్టు కింద రోట్లో దంచి, పిండి చేటలో పోసి దూరంగా పెట్టి, దొడ్డిగుమ్మానే వెళ్లాలి. పచ్చడి కలిపేది లోపల. మాస్టారి భార్య మంచి మనిషే, చెడ్డదని అనను. చేటని నీళ్లు చల్లకుండా తీసుకునేది. ఆ రోజుల్లో అదే పెద్ద మంచితనం.

దంపుడు పాటకి ఇద్దరు కావాలి. ఒకరు ఎత్తుకుంటే రెండోవాళ్లు వంత అందుకోవాలి, ఆ దెబ్బా ఈ దెబ్బా కలుస్తాయి. మొదటిరోజు రెండో రోకలి మనిషి రాలేదు. అక్క ఒక్కతే మడమ తాటించి ఎత్తుకుంది.

"మామిడీ కాసిందీ దొరవారి తోటా..."

వంత ఉండాల్సిన చోట ఉత్త రోకటి దెబ్బ. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ ఉత్త దెబ్బ. నాలుగోసారో అయిదోసారో, ఆ ఖాళీలో, వరండాలో మాస్టారి పడక్కుర్చీ లోంచి "హుఁ" అని వినపడింది. నేను పేపరు దించాను. అక్క తల తిప్పలేదు. నన్ను కంటితోనే ఆపింది. మళ్లీ ఎత్తుకుంది. "హుఁ". మాస్టారి ఎడమచెయ్యి కుర్చీ చేతిని తాటిస్తోంది.

ఆ పూట అంతా అదే. వెళ్లేటప్పుడు దొడ్డిగుమ్మం దగ్గర నాతో అంది, "రేపు ఆ రెండో ఆమెని రావద్దని చెప్పు. ఖాళీ ఉంటేనే ఎవరైనా వచ్చి కూచుంటారు."

నాలుగో రోజు. "మామిడీ కాసిందీ దొరవారి తోటా" అని ఆమె అంటే, కుర్చీలోంచి, కొంచెం ముద్దగా, కానీ పూర్తిగా వచ్చింది:

"మాకు దక్కిందల్లా టెంక ఒక్కటే!"

వంటింట్లోంచి మాస్టారి భార్య నూనె చేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఏమండీ, ఏమండీ, మళ్లీ అనండి, ఏదీ నన్ను పిలవండి" అని ఆయన భుజాలు పట్టుకుంది. ఆయన నోరు తెరిచాడు. "తా... తా..." 

"అడగబాకండి అమ్మగారూ" అంది అక్క, రోకలి ఆపకుండా. "అడిగితే పారిపోద్ది. కోడిపిల్లని పట్టుకోబోయినట్టు మీదపడతారేంటి?"

ఆవిడ అక్కడే గడప మీద చతికిలబడి ఏడ్చింది. ఇంటి కోడలు కూలిమనిషి చేత తిట్టు తిని కోప్పడకుండా ఏడవటం నేను చూసింది అదొక్కసారే.

కారం అయిపోయినా పని అయిపోనివ్వలేదు ఆవిడ. రోజుకొక ఎండు పని వెతికి పెట్టింది. పసుపుకొమ్ములు, కందులు, పోయినేటి చింతపండు. అక్క ఆ వేసవిని మొత్తం తెచ్చి ఆ దొడ్లో పరిచింది. తాటాకు విసనకర్ర ఆయన ఎడమచేతికిచ్చి, పాట నడకకి విసరమనేది. "ఊరికే విసిరితే గాలొస్తది, దరువుతో విసిరితే మాటొస్తది" అనేది. తాటాకు చుట్టి బూర చేసి ఊదించేది. మరిది దగ్గర మిగిలిన లేత ముంజలు తెచ్చి, బుగ్గలు లోపలికి పోయేదాకా జుర్రమనేది, పెదాలకి పని అని. ముంజ తడిదా ఎండుదా అని మాస్టారి భార్య ఒక పూటంతా తర్జనభర్జన పడి, చివరికి కాయ మట్టుకు అక్క తేవచ్చు, కన్ను తీసి నోట్లో పెట్టేది తను అని తీర్పు చెప్పుకుంది. అక్క నాకేసి చూసి, "బతికాం గంటలాయనా, తాటిచెట్టుకి అంటు లేదంట" అంది.

తర్వాత ఎక్కాలు పట్టుకుంది. ఆమెకి రావు. సాయంత్రాలు మా ఇంటి ముందు కూర్చుని నా చేత చెప్పించుకుని రాగంలో పెట్టుకుంది. "మూడు మూళ్లూ..." అని ఆమె ఎత్తుకుంటే, "తొమ్మిది" అని మాస్టారు. "ఆరార్లూ..." అంటే "ముప్పై ఆరు". ఎక్కడా తడబాటు లేదు. ఓ రోజు ఆమె వరస తప్పి దాటేసిన దాన్ని ఆయన పట్టుకుని, తల అడ్డంగా ఊపి, వెనక్కి పొమ్మని వేలితో చూపించాడు. "అబ్బో, మాస్టారు లేచాడు!" అని అక్క పడీ పడీ నవ్వింది. నేను అప్పుడే అనుకున్నాను, జూన్‌లో ఈయన క్లాసుకి వస్తాడని.

ఆమె అనుకోలేదు. 

"అడిగితే చెప్తన్నాడు, గంటలాయనా. బళ్లో అడిగేదెవరు? మాస్టారు. చెప్పేది పిల్లలు. ఈయన వంత అందుకుంటన్నాడు గాని, ఎత్తుకోలేకపోతన్నాడు. తిరగెయ్యాల. ఎత్తుగడ ఆయనది కావాల, వంత నాది కావాల. అప్పుడు ఉద్యోగం నిలబడద్ది."

"ఎన్నాళ్లు పడుతుందక్కా?"

"తొలకరి దాకా ఆగమను వాళ్లని. అంతే."

ఎవరు ఆగుతారు? జూన్ మొదటివారంలోనే ఆయన్ని ఉద్యోగంలో ఉంచాలో పంపించాలో తేల్చడానికి హెడ్మాస్టరు ఒక డాక్టరుని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. రెడ్డిగూడెం నుంచి అన్నగారు దిగాడు. రికార్డులు మోసుకొచ్చింది నేను గనక వీధి అరుగు మీద, గుమ్మం పక్కన నిలబడ్డాను. లోపలికి పోవడానికి నాకూ హక్కు లేదు. అక్క దొడ్లో ఉంది. 

మాస్టారి భార్య బావగారికి కనపడకుండా తలుపు చాటునుంచి అంది, "వెనక వరండాలో అయితే ఆయన బాగా మాట్లాడుతున్నారండి. డాక్టరుగార్ని ఒక్క పది నిమిషాలు..."

"డాక్టరుగార్ని దొడ్లో కూచోబెట్టమంటావా అమ్మాయ్? సిగ్గు లేదూ?" అన్నాడు అన్నగారు.

"పోనీ దంచే ఆమెని ఇక్కడికి..." అని ఆగిపోయింది ఆవిడ. ఆయన ఆపలేదు. ఆవిడే ఆగిపోయింది. నలభై రోజులు ఆ దొడ్లో మొగుడి నోట మాట పుట్టడం చూసిన మనిషి, ఆ వాక్యాన్ని పూర్తి చేయలేక, వెళ్లి మధ్య తలుపు తనే దగ్గరకి వేసింది.

డాక్టరు కుర్చీ ముందుకి జరిగాడు. "మీ పేరేంటండి?"

"తా... తా..."

"ఇది ఏ నెల?"

"తా..."

"పోనీ రెండు రెళ్లెంత? లెక్కల మాస్టారు గదా మీరు!" అని నవ్వాడు. ఆయన అడిగిన తీరు పోలీసు అడిగినట్టుంది. మాస్టారి నుదుటి మీద చెమట పట్టింది. ఎడమచెయ్యి కుర్చీ మీద విసనకర్ర కోసం తడుముకుంటోంది. మూడు మూళ్లు తొమ్మిది అని ఆయన చెప్పగా నిన్ననే విన్నాను నేను. వీధిగుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను, నోట్లో నాలుక ఉంది, ఎత్తుకోవచ్చు. ఎత్తుకోలేదు. అటెండరువి, అటెండరులా ఉండు అని నాకెవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు మూసిన తలుపు వెనక నుంచి రోకటి దెబ్బ వినపడింది. ఉత్త రోట్లో. ఇంకోటి. ఆ వెంటనే ఆమె గొంతు, ఎన్నడూ లేనంత పెద్దగా:

"మామిడీ కాసిందీ దొరవారి తోటా..."

మాస్టారి నడుము నిటారుగా లేచింది. ముఖం విప్పారింది. ఆ హాలంతా మోగేటట్టు అందుకున్నాడు:

"మాకు దక్కిందల్లా టెంక ఒక్కటే!"

ముద్దతనం లేదు, తడబాటు లేదు. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను. డాక్టరు కేసి చూశాను.

డాక్టరు నవ్వు ఆపుకుంటున్నాడు. హెడ్మాస్టరు కేసి వంగి అన్నాడు, "పేరడిగితే చెప్పలేడు, పాట పాడుతున్నాడు. మాటే పోయిందనుకున్నాను గాని, మతి కూడా చలించిందండి. పిల్లల మధ్య ఎలా ఉంచుతారు?"

అన్నగారి ముఖం మాడిపోయింది. "విన్నారుగా! దొరవారి తోటంట, టెంకంట. నా తోటల్లో వాటా అడగమని కూలిదాని చేత నూరిపోయిస్తున్నారు వీడికి. ఏమే, ఎవతివే అక్కడ? రోకలి అక్కడ పడేసి బయటికి నడువ్!"

డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని తర్వాత నేనే స్కూలుకి మోసుకెళ్లాను. మోస్తూ చదివాను. 'బోధనకు పనికిరాడు, మానసిక స్థితి సరిగా లేదు.' ఆయన నోట మాట వరసగా రాదన్నది వాళ్ల అభియోగం. వరసగా నాలుగు మాటలు వస్తే, ఆ నాలుగు మాటలే ఆయనకి పిచ్చి అని సాక్ష్యం చెప్పాయి. నాకు ఇవాళ్టిదాకా తెలిసిన నీచపు లెక్కల్లో అంతకన్నా నీచమైన లెక్క లేదు.

దొడ్డిగుమ్మానికి తాళం పడింది. అక్క రెండు పొద్దులు గోడ పక్క డొంకలో నిలబడి ఎక్కం ఎత్తుకుంది. లోపల నుంచి అంకె వినపడేది. మూడో రోజు అన్నగారి పాలేరు కర్ర పట్టుకుని డొంకలో కూర్చున్నాడు.

వారానికి మాస్టార్ని రెడ్డిగూడెం తీసుకుపోవడానికి టాక్సీ మాట్లాడారు. మా హెడ్మాస్టరుకి వీడ్కోలు చేయాలని బుద్ధి పుట్టింది. టాక్సీని బస్టాండు దగ్గర ఆపించి, స్టాఫునంతా పిలిపించి, ఒక దండ, ఒక శాలువా తెప్పించాడు. ఉద్యోగం తీసి శాలువా కప్పడం! ఆ కంపు నా ముక్కుకి ఇంకా తగులుతోంది. దండ ఉన్న పళ్లెం పట్టుకుని నిలబడింది నేనే. హెడ్మాస్టరు ఆయన సేవల గురించి మాట్లాడాడు. మాస్టారు టాక్సీ వెనక సీట్లో కిటికీ పక్కన, మెడలో దండతో, అందర్నీ ఒక్కొక్కర్నే చూస్తున్నాడు. భార్య పక్కన తల వంచుకుని కూర్చుంది. అన్నగారు ముందు సీట్లో.

మాస్టారు ఎడమచెయ్యి బయటికి పెట్టి, టాక్సీ తలుపు మీద రెండుసార్లు తాటించాడు. తర్వాత నోరు తెరిచి, రాగంలో, పైకి తీసి, 

"ఆరార్లూ..."

అన్నాడు.

ఎవరూ ఎత్తుకోకుండా, ఎవరూ అడగకుండా, తనంతట తనే. తొలకరి దాకా ఆగమన్నది దీనికోసమే. ఆయన అడిగాడు. క్లాసులో మాస్టారు అడిగినట్టు అడిగాడు. ఇక మిగిలింది జవాబు. అక్కడున్న పదిమంది మాస్టర్లలో ఆ జవాబు తెలియనివాడు లేడు.

"పాపం" అన్నాడు హెడ్మాస్టరు.

"ఆరార్లూ..." అన్నాడు మాస్టారు మళ్లీ. ఈసారి నా కేసి చూసి అన్నాడు. ఆ గుంపులో ఆ దొడ్డి సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే గదా. నా చేతుల్లో పళ్లెం ఉంది. పక్కన హెడ్మాస్టరు ఉన్నాడు. ముందు సీట్లోంచి అన్నగారు తల తిప్పి, ఎవడు నోరు తెరుస్తాడా అని చూస్తున్నాడు. ముప్పై ఆరు. రెండు మాటలు. నా గొంతు దాకా వచ్చాయి. మింగేశాను.

మూడోసారి ఆయన అడగలేదు. చెయ్యి లోపలికి తీసుకున్నాడు. టాక్సీ కదిలిపోయింది. రెడ్డిగూడెంలో ఆయన ఇంకో నాలుగేళ్లు బతికాడు. ఆ నాలుగేళ్లలో ఒక్క మాట మాట్లాడగా విన్నవాళ్లు నాకు తగల్లేదు.

నేను తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని పుల్లలు విరుస్తోంది. 

"అక్కా, మాస్టారు ఎత్తుకున్నాడు!" అన్నాను. "ఆరార్లు అని తనే ఎత్తుకున్నాడు. బస్టాండులో, అందరి ముందూ."

ఆమె చేతిలో పుల్లలు వదిలేసింది. ముఖం వెలిగిపోయింది. ఆ మనిషి ముఖం అంత సంతోషంగా ఉండగా అంతకుముందు నేను చూడలేదు.

"వంత ఎవరందుకున్నారు?" అంది.

నేను కిందపడిన పుల్లల కేసి చూశాను.

"నువ్వు అక్కడే ఉన్నావు గదా?"

"ఉన్నాను."

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. పుల్లలు మళ్లీ దగ్గరికి లాక్కుని విరవడం మొదలుపెట్టింది.

తర్వాత ఎప్పటిలాగే ఉంది. చేపలు వండితే మా ఇంటికి గిన్నె పంపేది. నా బిడ్డకి జ్వరమొస్తే రెండు రాత్రులు ఒళ్లో పెట్టుకుంది. కనపడితే మంచీ చెడ్డా అడిగేది. ఆ ఏడు వానలు పడి కలుపులు మొదలయ్యాక, ఒక పొద్దున బడికి పోతూ పత్తిచేల గట్టు మీదుగా నడుస్తున్నాను. ఆమె పాట దూరం నుంచే వినపడుతోంది. నేను దగ్గరకొచ్చేసరికి ఎత్తుకున్న చరణం మధ్యలో ఆపేసింది. కూలివాళ్లంతా వంగి కలుపు తీస్తున్నారు. నేను ఆ చేను దాటి, పక్క చేను దాటి, మలుపు తిరిగాక, నా వెనక మళ్లీ ఆమె గొంతు లేచింది. ఆడవాళ్లందరూ వంత అందుకున్నారు.

ఆమె ఇంకా పదిహేనేళ్లు బతికింది. నేను వినగలిగే దూరంలో ఉండగా ఇంకెప్పుడూ పాట ఎత్తుకోలేదు.